రాళ్లు పట్టుకున్న చేతుల ముందు

మదనపల్లెలో సువార్త పరిచర్యకు పునాది వేసిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు జేకబ్ ఛాంబర్లేన్. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి పంపిన ఆర్కాట్ మిషన్ సేవకుడు, చదువుకున్న వైద్యుడు. 1863లో మదనపల్లెను తన కేంద్రంగా చేసుకున్నాడు. ఆ ఏడాదే కొందరు దేశీయ సహాయకులను వెంటబెట్టుకుని నైజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల మీదుగా గోదావరి దాకా పెద్ద సువార్త యాత్ర చేశాడు. ఆ యాత్రలో జరిగిన ఒక సంఘటనను తర్వాత 1896లో అచ్చయిన ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకంలో రాసుకున్నాడు. మన సంఘాల్లో పెద్దవాళ్లు కొందరికి అది తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం.

నైజాం రాజ్యంలోని ఒక పట్టణంలో బజారులో నిలబడి వాళ్లు బోధించారు. వినేవాళ్లకు కోపం వచ్చింది. మా దేవుళ్లు ఉండగా ఇంకో దేవుడి పేరు ఇక్కడ ఎత్తడమేమిటని జనం చుట్టుముట్టారు. కొందరు రాళ్లు ఏరుకున్నారు. మొదటి రాయి ఎవరు వేస్తారన్నదే ఆలస్యం. పారిపోదామంటే దారి లేదు. అప్పుడు ఛాంబర్లేన్ వాళ్లను ఒక్కటే అడిగాడు. ఒక కథ చెబుతాం, విన్న తర్వాత కొట్టాలనిపిస్తే కొట్టండి అన్నాడు. మన తెలుగువాళ్లు కథ అంటే ఆగుతారు కదా, ఆగారు. ఆయన వాళ్ల మతాన్ని విమర్శించలేదు, తన మతాన్ని సమర్థించుకోలేదు. యేసు ప్రభువు జననం దగ్గర మొదలుపెట్టి, రోగులను ముట్టుకున్న ఆ చేతుల గురించి, చివరకు ఆ చేతుల్లో దిగిన మేకుల గురించి చెప్పుకుంటూ పోయాడు. సిలువ దగ్గరికి వచ్చేసరికి వింటున్నవాళ్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతుల్లోని రాళ్లు కింద పడ్డాయి. కథ ముగించి, ఇక మీ ఇష్టం అన్నాడాయన. ఎవరూ కొట్టలేదు. పైగా సువార్త పుస్తకాలు అడిగి కొనుక్కున్నారు.

ఈ కథ వినగానే మన నోట వచ్చే మాట ‘హల్లెలూయా’. మంచిదే. కాని ఇక్కడే మనం కొంచెం నిదానించాలి. ఎందుకంటే దీన్ని మనం ఒక సూత్రంగా మార్చేసుకునే ప్రమాదం ఉంది. ద్వేషించేవాళ్ల ముందు ప్రేమగా ఉంటే వాళ్లు కరిగిపోతారు, రాళ్లు పడేస్తారు, పుస్తకాలు కొంటారు అన్నట్టు. అలా ప్రతిసారీ జరిగితే విశ్వాసంతో పనేముంది? అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో స్తెఫను కూడా కథే చెప్పాడు. అబ్రాహాము నుంచి మొదలుపెట్టి చాలా దీర్ఘంగా చెప్పాడు. అక్కడ రాళ్లు కింద పడలేదు, ఆయన మీద పడ్డాయి. ఆయనలో కృప ఛాంబర్లేన్ కంటే తక్కువ ఉందని అనగలమా? తనను చంపుతున్నవాళ్ల మీద ఈ పాపం మోపవద్దని మోకాళ్లూని వేడుకుంటూ ప్రాణం విడిచాడు. ఆ రోజు రాళ్లు వేసేవాళ్ల బట్టలకు కాపలా ఉన్న యువకుడు సౌలు. అతనిలో ఆ రోజు ఏ మార్పూ కనిపించలేదు. పైగా మరింత రెచ్చిపోయి ఇళ్లలో చొరబడి విశ్వాసులను ఈడ్చుకుపోయాడు. మార్పు తర్వాత వచ్చింది. దాన్ని చూడడానికి స్తెఫను లేడు.

కృప అనేది ఎదుటివాడి మీద ప్రయోగించే ఉపాయం కాదని దీనివల్ల తెలుస్తుంది. శత్రువును ప్రేమించమని ప్రభువు కొండమీద చెప్పినప్పుడు (మత్తయి 5:43-48) కారణంగా ఏమి చూపించాడో గమనించండి. అలా చేస్తే శత్రువు మారతాడని చెప్పలేదు. మీ తండ్రి అలాంటివాడు కాబట్టి మీరూ అలా ఉండండి అన్నాడు. మంచివాడి చేనులోనూ చెడ్డవాడి చేనులోనూ ఒకే వాన కురుస్తుంది. వాన ఎంత విలువైనదో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుకు ఎవరూ వివరించనక్కర్లేదు. బోరు ఎంత లోతుకు వేసినా నీళ్లు పడని నేల అది. అలాంటి చోట నిన్ను తిట్టినవాడి టమాటా తోట మీద కూడా వాన పడాలని కోరుకోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే, ప్రభువు మాట బరువు తెలుస్తుంది.

ఇంతకీ మనల్ని ద్వేషించేవాళ్లు ఎవరు? వేదిక మీద మాట్లాడేటప్పుడు రోమా చక్రవర్తుల గురించి చెబుతాం. మనకు ఎదురయ్యేది అంత పెద్దది కాకపోవచ్చు. పల్లెలో ఒక ఇంట్లో ప్రార్థన కూటం మొదలైతే పక్కింటివాళ్లు పలకరింపు మానేస్తారు. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లివచ్చే యువకుడు సంచిలోంచి బైబిలు తీస్తే ఎదురు సీటులో ఒకరు వెటకారం చేస్తారు. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కాబట్టి ఆ వెటకారం తెలుగులోనే కాదు, తమిళంలోనూ కన్నడంలోనూ వినవలసి వస్తుంది! బాప్తిస్మం తీసుకున్న కోడలిని అత్తగారు వంటగదిలోకి రానివ్వరు. ఆరాధన జరుగుతుంటే బయట బైకు ఆపి కొందరు హారన్ కొడుతూ నిలబడతారు. కొన్నిచోట్ల ఇంతకంటే ఎక్కువే జరుగుతుంది, కొట్టడమూ జరుగుతుంది. వాటిని తేలికచేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అయితే చాలామంది విశ్వాసులకు పరీక్ష ఆ చిన్న అవమానాల దగ్గరే వస్తుంది. సింహాల బోనుకు సిద్ధపడినవాళ్లం కూడా పక్కింటివాళ్ల మూతి విరుపు దగ్గర ఓడిపోతాం.

ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. వాళ్లు ద్వేషిస్తున్నది క్రీస్తునా, మన పద్ధతినా? పేతురు తన మొదటి పత్రికలో (4:14-16) ఈ రెండింటినీ స్పష్టంగా విడదీశాడు. క్రీస్తు నామం కోసం నిందపడితే ధన్యత. నేరం చేసి, లేదా పరుల పనుల్లో తలదూర్చి దెబ్బలు తింటే అందులో ధన్యత ఏమీ లేదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట మైకులు వాడకూడదు. డిసెంబరు నెలలో అర్ధరాత్రి డ్రమ్ములతో క్యారల్స్‌కు బయలుదేరి, పసిపిల్లలున్న ఇళ్ల ముందు, మందులు మింగి అప్పుడే కన్ను మూసిన ముసలివాళ్ల ఇళ్ల ముందు పాడి, వాళ్లు కసురుకుంటే ‘శ్రమలు వచ్చాయి’ అని సాక్ష్యం చెప్పే యవనస్థులు మన సంఘాల్లో లేరా? అలాగే పక్కవాడు పూజించేదాన్ని మైకులో ఎగతాళి చేసి, గొడవ జరిగాక హింస అంటే అది పేతురు చెప్పిన రెండో జాబితాలోకి వస్తుంది. ఛాంబర్లేన్ ప్రాణం నిలిచింది ఎగతాళితో కాదని మరచిపోకూడదు.

ఈ పరీక్ష చేసుకున్న తర్వాత కూడా, ఏ తప్పూ లేకుండా ద్వేషానికి గురయ్యేవాళ్లు ఉంటారు. వాళ్లకు మనం సాధారణంగా చెప్పే సలహా ‘ఓర్చుకో’. రెండో చెంప చూపించమన్నాడు కదా ప్రభువు అంటాం. ఆ వాక్యాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. ప్రభువు ప్రత్యేకంగా కుడి చెంప అన్నాడు (మత్తయి 5:39). ఎదురుగా నిలబడినవాడు కుడిచేత్తో కొడితే దెబ్బ ఎడమ చెంప మీద పడుతుంది. కుడి చెంప మీద పడాలంటే చెయ్యి వెనక్కి తిప్పి కొట్టాలి. అది గాయపరిచే దెబ్బ కంటే తక్కువచేసే దెబ్బ, యజమాని బానిసను కొట్టే దెబ్బ. అవమానానికి అవమానం బదులివ్వవద్దు, అలాగని కుంగిపోయి పారిపోనూ వద్దు, నిలబడు అని దాని భావంగా చాలామంది పండితులు చెబుతారు. ప్రభువే తన మాటను ఎలా ఆచరించాడో చూడండి. ప్రధాన యాజకుని ఎదుట ఒక బంట్రోతు ఆయనను చెంపమీద కొట్టినప్పుడు ఆయన మౌనంగా లేడు. నా మాటలో తప్పుంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). అందులో తిట్టు లేదు, శాపం లేదు. న్యాయం మాత్రం అడిగాడు.

పౌలు కూడా అంతే. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపిస్తారా, అధికారులే వచ్చి తీసుకెళ్లాలన్నాడు (అపొ. 16:37). ఆ ముందు రాత్రే అదే ఊరి చెరసాల అధికారి ఆత్మహత్య చేసుకోబోతుంటే కేకవేసి ఆపినవాడు ఈయనే. ఆ చేతనే అతడు గాయాలు కడిగించుకున్నాడు, అతని ఇంట భోజనం చేశాడు. తనను బంధించిన మనిషి మీద కృప, బంధించిన అన్యాయం మీద నిలదీత, రెండూ ఒకే మనిషిలో, ఒకే రాత్రి, ఒకే ఉదయం. మన రాజ్యాంగంలోని 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అన్న హద్దులూ పెట్టింది. కాబట్టి ఒక విశ్వాసిని కొట్టారంటే పోలీసుస్టేషనుకు వెళ్లి ఫిర్యాదు రాసివ్వడం అవిశ్వాసం కాదు, కృపకు విరుద్ధమూ కాదు. ముఖ్యంగా ఇంట్లో దెబ్బలు తింటున్న ఒక సహోదరికి క్షమ పేరు చెప్పి అదే ఇంటికి తిప్పి పంపించే పాస్టరుగారు, సంఘపెద్దలు దేవుని ఎదుట లెక్క చెప్పుకోవలసి ఉంటుందని మేం గట్టిగా నమ్ముతాం.

క్షమ, న్యాయం ఒకదానికొకటి అడ్డం రావని మన కాలంలో చూపించిన స్త్రీ గ్లాడిస్ స్టెయిన్స్. ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్ ఒడిశాలోని బారిపదలో 1965 నుంచి కుష్ఠురోగుల మధ్య పనిచేశాడు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక మనోహర్‌పూర్ గ్రామంలో జీపులో నిద్రపోతున్న ఆయననూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ ఒక గుంపు సజీవంగా కాల్చేసింది. గ్లాడిస్ చంపినవాళ్లను క్షమిస్తున్నానని చెప్పింది. ఆ మాట మనందరికీ గుర్తుంది. మనం మరచిపోయేది తర్వాతి భాగం. కేసు నడిచింది. ప్రధాన నిందితుడికి 2003లో మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని జీవితఖైదుగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. చట్టం పని చట్టానిది అన్నట్టే ఆమె ఉంది, దానికి అడ్డుపడలేదు, శిక్ష పెంచమని వీధికెక్కనూ లేదు. ఇంకొకటి, ఆమె వెంటనే ఆస్ట్రేలియా వెళ్లిపోలేదు. కూతురు ఎస్తేరుతో అదే బారిపదలో, అదే కుష్ఠురోగుల మధ్య 2004 దాకా ఉండిపోయింది. అక్కడ భర్త పేరుతో ఆస్పత్రి వచ్చింది. 2005లో మన ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. క్షమించానని నోటితో ఒక్క వాక్యం చెప్పడానికి అర నిమిషం చాలు. భర్తాబిడ్డలను కోల్పోయిన రాష్ట్రంలో ఐదేళ్లు ఉదయాన్నే లేచి పుండ్లకు కట్లు కట్టించడానికి ఏం కావాలో మనం ఊహించుకోవలసిందే.

మదనపల్లెకు మళ్లీ వద్దాం. పాత తరం తెలుగువాళ్లకు ఆ ఊరి పేరు చెప్పగానే శానిటోరియం గుర్తొచ్చేది. క్షయ వచ్చిందంటే సొంత ఇంట్లోనే పళ్లెం వేరు, గ్లాసు వేరు, పెళ్లి సంబంధాలు ఆగిపోయే రోజులవి. మందు లేదు, మంచి గాలి, విశ్రాంతి, పోషణే వైద్యం. అలాంటి కాలంలో పలు మిషన్లు కలిసి ఊరి బయట ఆరోగ్యవరంలో ఆ ఆస్పత్రిని నిలబెట్టాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించాడు. 1915 నుంచి రోగులు అక్కడికి రావడం మొదలైంది. ఊళ్లో స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి వచ్చింది. పుంగనూరులోనూ మిషన్ వైద్యశాల నడిచింది. విదేశీయులన్న అనుమానం, మతం మారుస్తారన్న భయం, వీళ్లు ముట్టుకుంటే మైల అన్న పట్టింపు, ఇవన్నీ ఆ కాలంలో ఉన్నవే. వాటికి ఆ డాక్టర్లు, నర్సులు కరపత్రాలతో జవాబివ్వలేదు. సొంతవాళ్లే దూరం పెట్టిన మనిషి దగ్గు ఎదురుగా నిలబడి, ఏళ్ల తరబడి జవాబిచ్చారు.

దీన్ని కూడా మనం సరిగా అర్థం చేసుకోవాలి. సేవను ఎరగా వాడితే ద్వేషించేవాడి ఆరోపణ నిజమవుతుంది. మందు ఇచ్చి, బియ్యం ఇచ్చి, తర్వాత లెక్క అడిగేది కృప కాదు, అది అప్పు. మారినా మారకపోయినా మందు అదే మోతాదులో ఇవ్వగలిగితేనే అది ప్రభువు చేతి సేవ. పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే తిరిగి వచ్చింది ఒక్కడే (లూకా 17). మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమన్న పౌలు, అలా చేస్తే అతని తలమీద నిప్పులు పోసినట్టే అన్నాడు (రోమా 12:20). కొందరు విశ్వాసులకు ఈ మాట చాలా ఇష్టం. అన్నం పెట్టేది కూడా కాలాలనే! ఇది మర్యాదస్తుడి పగ. ఆ మాట పౌలుకు సామెతల గ్రంథం నుంచి వచ్చింది. కాలేది చర్మం కాదు, సిగ్గుతో ముఖం. ఆ వెంటనే కీడును మేలుతో గెలవమని ముగించిన పౌలు మధ్యలో పగ తీర్చుకునే చిట్కా ఎందుకు చెబుతాడు? ఎలీషా ఏం చేశాడో గుర్తు తెచ్చుకుందాం. తనను పట్టుకోవడానికి వచ్చిన సిరియా సైనికులు షోమ్రోను నడిబొడ్డున చిక్కారు. చంపమంటావా అని రాజు ఆత్రంగా అడిగాడు. ఎలీషా వాళ్లకు విందు చేయించి ఇంటికి పంపించాడు (2 రాజులు 6). ఆ విందులో ఎవరినీ అవమానించినట్టు లేదు.

మరి లోపల రగిలే కోపం సంగతేమిటి? కోపం రాకూడదని ఎవరూ చెప్పలేరు. చెప్పినా లాభం లేదు. కీర్తనల గ్రంథంలో 109, 137 లాంటి శాప కీర్తనలున్నాయి. వాటిని సంఘంలో చదవడానికి ఇబ్బందిపడతాం. నిజానికి మనకు అవి చాలా అవసరం. వాటిని రాసినవాళ్లు ఆ భయంకరమైన మాటలను శత్రువు ముఖం మీద అనలేదు, దేవుని ఎదుట కుమ్మరించారు. పగతీర్చే పని ఆయనకు అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. మనం తిరగేసి చేస్తున్నాం. దేవుని ఎదుట తియ్యటి మాటలు, పక్కవాడి ముందు నిప్పులు. ఈ రోజుల్లో అయితే పక్కవాడి ముందు కూడా కాదు, వాట్సాప్‌లో. ఎక్కడో ఎవరో క్రైస్తవులను తిట్టిన వీడియో రాగానే, అది నిజమో కాదో, ఏ ఏడాదిదో చూడకుండా సంఘం గ్రూపులో పెట్టి, దాని కింద ‘వీళ్లమీద దేవుని ఉగ్రత’ అని రాయడం. ద్వేషం వాళ్లది, పంచిపెట్టింది మనం.

ఇంతవరకూ బయటివాళ్ల గురించి మాట్లాడుకున్నాం. అసలు కష్టమైన భాగం లోపలే ఉంది. మహాకవి గుర్రం జాషువా (1895-1971) జీవితం చూడండి. పుట్టిన కులాన్ని బట్టి అగ్రవర్ణాలవాళ్లు దూరం పెట్టారు. పురాణాలు చదువుతున్నాడు, హిందూ కథలతో కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘంలోవాళ్లూ వెలివేశారు. రెండు వైపులా రాళ్లే. అదే జాషువా రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసినవాళ్ల ప్రభువు గురించి కావ్యం రాయడం ఆయన ఇచ్చిన జవాబని మాకనిపిస్తుంది.

జాషువాను వెలివేసిన గుణం ఇవాళ మన సంఘాల్లో పోయిందా? సంఘ కమిటీ ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లు గెలిచినవాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడని చోట్లు లేవా? మిషన్ కాంపౌండు స్థలం మీద కోర్టులో ఎదురుబొదురు నిలబడి, ఆదివారం ఒకే బల్లలో రొట్టె విరిచేవాళ్లు లేరా? కులం పేరు నోటితో ఎత్తకుండానే పెళ్లి సంబంధాల దగ్గర, కమిటీ పదవుల దగ్గర కులాన్ని నడిపే విశ్వాసులు లేరా? బయట బైకు హారన్ కొట్టే కుర్రాడిని క్షమించడం వీటితో పోలిస్తే సులువు. అతడు రేపు కనిపించడు. అదే బెంచీలో కూర్చునే మనిషి ప్రతివారం కనిపిస్తాడు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). గలిలయలో కూర్చుని వింటున్నవాళ్లకు బలిపీఠం యెరూషలేములో ఉంది. అంటే రోజుల ప్రయాణం వెనక్కి వెళ్లి, మళ్లీ రావాలి. అంత దూరం పొమ్మన్నాడు. మనకు అదే గదిలో రెండు బెంచీల దూరం.

మన ఆదివారపు విజ్ఞాపన ప్రార్థనలో రోగుల పేర్లు చదువుతాం, పరీక్షలు రాసే పిల్లల పేర్లు చదువుతాం, విదేశాలకు వెళ్లేవాళ్ల పేర్లు చదువుతాం. శత్రువుల కోసం ప్రార్థించమన్నది మాత్రం ‘అందరి కోసం’ అన్న మాటలో కలిపేస్తాం. చిన్న సంఘాల్లో బహిరంగంగా పేర్లు చదివితే కొత్త గొడవలు రావచ్చు, అది వద్దు. ఇంట్లో, కుటుంబ ప్రార్థనలో ఆ పని చేయవచ్చు. నీళ్ల దగ్గర గొడవపడిన పొరుగామె పేరు, పాస్టరుగారిని కొట్టినవాడి పేరు, రైల్లో వెటకారం చేసేవాడి పేరు తెలియకపోతే అతని సీటు నంబరైనా సరే, పిల్లలు వింటుండగా చెప్పి, అతని ఇంట్లో జబ్బుపడినవాళ్లు ఉంటే స్వస్థత ఇమ్మని, అతని చేనుకు వాన ఇమ్మని అడగడం. మొదటి వారం మాట పెగలదు. పెగలకపోయినా పేరు మాత్రం చెప్పండి. రెండో వారం మళ్లీ చెప్పండి.